గ్రీన్స్ అయ్యాక చూద్దాం

మా మామగారు "చూద్దాం" అంటే, విన్నవాళ్లు అదేదో మంచి కబురే అనుకుంటారు. అంత మెత్తగా అంటారాయన. ఎవరినైనా కాదనడం ఆయనకు చేతకాదు. ఇరిగేషన్ శాఖలో ఇంజనీరుగా ఉన్నన్నాళ్లూ, కాలవ చివరి రైతులు నీళ్లు అందడం లేదని వస్తే, కుర్చీలు వేయించి, మజ్జిగ ఇప్పించి, "చూద్దామండీ" అని సాగనంపేవారట. వాళ్లు దణ్ణాలు పెట్టి వెళ్లేవారట. నీళ్లు అందాయో లేదో మాత్రం మా ఇంట్లో ఎవరూ చెప్పగా వినలేదు.

పెళ్లై బెజవాడ భవానీపురం వచ్చి ఖాళీగా కూర్చున్న రోజుల్లో నాకు ఉద్యోగం వేయించింది కూడా ఆయనే. ఉయ్యూరు దాటి పామర్రు వెళ్లే దారిలో, ఒకప్పటి వరిచేలల్లో, కాలవ పక్కన ఒక చిన్న గోల్ఫ్ కోర్సు ఉంది. రైసు మిల్లుల వాళ్లు, డాక్టర్లు, రిటైరైన ఆఫీసర్లు కలిసి పెట్టుకున్న క్లబ్బు. మామయ్యగారు దానికి సెక్రటరీ. నేనేమో వ్యవసాయంలో డిగ్రీ చేసి, హైదరాబాద్‌లో ఒక పెద్ద గోల్ఫ్ కోర్సులో పచ్చిక పెంపకం నేర్చుకుని వచ్చినదాన్ని. "మన క్లబ్బు ఉండగా నువ్వు ఇంకోచోటికి వెళ్లడమేంటమ్మా" అన్నారు. పొంగిపోయాను. 'మన' అనే మాటకు ఎంత బరువుంటుందో అప్పటికి నాకు తెలియదు.

పొద్దున్నే ఆయన కార్లోనే బయల్దేరాలి. ఆయన ముందు సీట్లో డ్రైవరు పక్కన, నేను వెనక. ఆయనకు సైనస్. ఏసీ పడదు, బయటి గాలీ పడదు. అద్దాలన్నీ బిగించి కూర్చోవాలి. బెజవాడ ఎండలు తెలిసినవాళ్లకు ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఒకసారి బెంజి సర్కిల్ దగ్గర ఉక్క భరించలేక అద్దం రవ్వంత దించాను. ఆయన ఉయ్యూరు దాకా తుమ్ముతూనే ఉన్నారు, ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత మళ్లీ ఆ అద్దం జోలికి పోలేదు. క్లబ్బులో దిగితే నా బల్లకు ఎదురుగా ఆయన బల్ల. మధ్యాహ్నం అత్తయ్యగారిచ్చిన క్యారియరు ఇద్దరం కలిసే విప్పుకోవాలి. సాయంత్రం అదే కారు. ఇంటికొచ్చి మొహం కడుక్కున్నాక, "ఆ మూడో గ్రీన్‌కి నీళ్లు పెట్టించావా అమ్మా" అని హాల్లోంచి అడుగుతారు. ఆఫీసులో బాసుని ఇంటికొచ్చి నాలుగు తిట్టుకునే అదృష్టం లోకంలో అందరికీ ఉంటుంది, నాకు తప్ప. పైగా తిట్టుకోవడానికి వీల్లేనంత మంచాయన. కొట్టేవాడైతే పుట్టింటికి పోవచ్చు. మజ్జిగ ఇచ్చేవాడి దగ్గర్నుంచి ఎక్కడికి పోతాం?

అలా ఊపిరాడకుండా ఉన్న రోజుల్లో హైదరాబాద్ నుంచి ఫోనొచ్చింది. నాకు పని నేర్పిన మేడంగారు. ఆవిడది రాజమండ్రి వైపు, మాట కరుకు, మనసు వెన్న. తను ఆ కోర్సు బాధ్యత వదిలేస్తున్నానని, తన కుర్చీలో నన్ను కూర్చోబెట్టాలని ఉందని చెప్పారు. దసరా దాకా ఎవరినీ తీసుకోకుండా ఆపుతానని, ఈలోపు సరేనంటే చాలని అన్నారు. ఫోన్ పెట్టేశాక కోర్సు చివరికంటా నడిచి, కాలవ గట్టు మీద నిలబడి, ఎవరూ చూడకుండా కాసేపు ఏడ్చాను. ఎంత కోరుకుంటున్నానో నాకే అప్పుడు తెలిసింది.

మా ఆయనది బ్యాంకు ఉద్యోగం. అడిగితే హైదరాబాద్ బదిలీ దొరక్కపోదు. చెబితే సంతోషించారు కూడా. "నాన్నగారు సరేనంటే నాకేం అభ్యంతరం" అన్నారు. అభ్యంతరం లేనివాళ్లతో వచ్చిన చిక్కు ఇదే, మన పక్కన నిలబడరు, ఎదురుగానూ నిలబడరు. సరే, నోట్లో నాలుక లేనిదాన్నేం కాదు కదా అని, భోజనాల దగ్గర ఆ మాట నేనే ఎత్తాను. మామయ్యగారు శ్రద్ధగా విన్నారు. మంచి అవకాశమే అన్నారు. పెరుగన్నంలో ఉప్పు కలుపుకుంటూ చెప్పారు.

"గ్రీన్స్ కొత్తగా కట్టాలనుకుంటున్నాం కదమ్మా. అవి అవ్వనీ. అప్పుడు చూద్దాం."

నాకు ప్రాణం లేచొచ్చింది. వంటింట్లో గిన్నెలు సర్దుతున్న అత్తయ్యగారికి ఆ మాటే చెప్పాను. ఆవిడ నా వంక చూసి నవ్వారు. "పెళ్లైన కొత్తలో నేను బీఈడీ చేస్తానన్నాను. చూద్దామన్నారు. ఇంకా చూస్తూనే ఉన్నారు" అన్నారు. నేనూ నవ్వేశాను. ఆవిడ కాలం వేరు, నా కాలం వేరు అనుకున్నాను.

గ్రీన్ అంటే ఏమిటో తెలియనివాళ్లకు చెప్పాలి. ఆటగాడు ఎక్కడో దూరం నుంచి బంతిని కొట్టుకుంటూ వచ్చి, చివరికి చిన్న కర్రతో మెల్లగా దొర్లించి గుంటలో వేస్తాడు. ఆ గుంట చుట్టూ, చాప పరిచినట్టు పొట్టిగా కత్తిరించిన గడ్డి ఉంటుంది. అదే గ్రీన్. ఆట అంతా ఒక ఎత్తు, అక్కడ ఒక ఎత్తు. మా క్లబ్బులో గ్రీన్సు మొదట్లో ఎవరు కట్టారో గానీ పళ్లేల్లా కట్టారు. డెల్టా నల్లమట్టి, అడుగున గొట్టాలు లేవు, అంచులు ఎత్తు, మధ్యలో లోతు. వానొస్తే నీళ్లు రోజుల తరబడి కదలవు. మెంబర్లకంటే కొంగలే ఎక్కువ ఆడేవి. గడ్డి కుళ్లి నల్లబడేది. ఎండాకాలం వస్తే అదే మట్టి బీటలు వారి, బంతి బీటలో దూరి కూర్చునేది. ఒక మిల్లు యజమాని దాన్ని తీయడానికి స్పూను తెచ్చుకునేవాడు. పందెం కాసి చెబుతాను, గోల్ఫ్ పుట్టిన దేశంలో ఎవరూ అంత కష్టపడి ఉండరు.

కొత్త గ్రీన్స్ నమూనాలు నేనే గీశాను. పాత మట్టి తోడేసి, అడుగు నేలకు వాలు పెట్టి, ఆ వాలు వెంట చిల్లుల గొట్టాలు వేసి, వాటి మీద కంకర, కంకర మీద ఇసక, ఆ పైన గడ్డి. నీరు పడ్డది పడ్డట్టు దిగి, గొట్టాల్లోంచి మురుగుకాలవలోకి పోవాలి. పైన కూడా అక్కడక్కడా చిన్న మెరక, దాని పక్కన పల్లం. బంతి తిన్నగా పోతే ఆటేముంది? ఎటు ఒరుగుతుందో కనిపెట్టడంలోనే మజా. నేను ఉద్యోగం మానేయడానికి ఆ పని చేస్తున్నాననే సంగతి మర్చిపోయేంతగా అందులో పడిపోయాను. ఎంత బాగా చేస్తే అంత తొందరగా వెళ్తాను అనే లెక్క ఒకటి మనసులో ఉండేది.

వేసవిలో కాలవలకు నీళ్లు ఆపేశాక పని మొదలైంది. మొదటి గ్రీన్ అడుగు నేలకు వాలు తీర్చడానికి చాలా అవస్థ పడ్డాను. ముగ్గుపిండితో గీతలు పోసి, ఎక్కడ ఎంత ఎత్తో కర్రలు పాతి చూపించాను. పనికొచ్చిన ఆడవాళ్లు నా ముగ్గు చూసి చుక్కలు తప్పాయని వేళాకోళం చేశారు. ట్రాక్టరు అతను భవానీపురంలో మా వీధి చివర సాయిబుగారి అబ్బాయి, చేతి ఒడుపు ఉన్నవాడు. చెప్పినట్టే బ్లేడు తిప్పాడు. సాయంత్రానికి అది నేను గీసిన బొమ్మలాగే తయారైంది. మర్నాడు పామర్రులో మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్. ఒక్క రోజు సెలవు పెట్టాను. ఫంక్షన్లో కూడా ఆ వాలు గురించే చెబుతుంటే, మా అక్క నాకు పిచ్చి పట్టిందంది.

తిరిగొచ్చి చూద్దును కదా, వాలు లేదు. మెరక లేదు, పల్లం లేదు. దమ్ము చేసిన నారుమడిలా నున్నగా, చదునుగా ఉంది. నాలుగు పక్కలా చక్కని గట్టు కూడా వేసి ఉంది. గట్టు పక్కన గొడుగేసుకుని మామయ్యగారు, ఆయన ముందు మూడు కాళ్ల మీద ఆయన పాత సర్వే పరికరం. ఆయన మొహం వెలిగిపోతోంది.

"ఎగుడుదిగుడుగా ఉంటే నువ్వొచ్చి మళ్లీ అవస్థ పడతావని దగ్గరుండి చేయించానమ్మా. ఏ మూల చూసినా అంగుళం తేడా రాదు."

ట్రాక్టరు అబ్బాయి వంక చూస్తే తల దించుకున్నాడు. తర్వాత చాటుగా చెప్పాడు, "నేను వద్దనే అనుకున్నానండి మేడం. కానీ సారు చెప్పాక, చదును చెయ్యొద్దని ఎవరంటారండి?" అని. అదీ నిజమే. మా వైపు పుట్టినవాళ్లకు చదును చేసిన నేలంటే పూజకు తీర్చిన పీటలాంటిది. ఎగుడుదిగుడు మడిని చూస్తే ఆ రైతు సోమరి అనుకుంటాం. మామయ్యగారు జీవితమంతా కాలవలకు మట్టం చూసిన మనిషి, పనివాళ్లు మడులు దున్నిన మనుషులు. నేను కష్టపడి తెచ్చిన వంకరను చూసి అందరూ జాలిపడి సరిచేశారు. ఆ క్షణాన ఆయన్ని నిలదీసి ఉండాల్సింది. "థాంక్సండీ మామయ్యగారూ" అన్నాను. ఇంకేమనగలను? ఆ ఎండలో, ఆ వయసులో, నా పని తప్పించడానికి నిలబడ్డారు.

ఆ సాయంత్రమే గాలివాన వచ్చింది. అరగంట కురిసి వెలిసింది. బయటికొచ్చి చూస్తే గ్రీన్ నిండా నీళ్లు, గట్టు దాకా తొణుకుతున్నాయి, ఎటూ పోవడం లేదు. పోవడానికి దారేది? ఒక కొంగ అప్పటికే వచ్చి వాలింది. మామయ్యగారు పంచె పైకి పట్టుకుని వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఇద్దరం కాసేపు ఆ నీళ్ల వంకే చూశాం. నన్ను నేనే చూసుకున్నట్టనిపించింది నాకు. నాలుగు వైపులా మంచి గట్టు, మధ్యలో నిలవ నీరు.

"నీరు పల్లమెరుగు అంటారు కదండీ. మనం పల్లమే లేకుండా చేశాం" అన్నాను.

ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, ఆయనకు వెంటనే అర్థమైంది. నీటి సంగతి ఆయనకు ఇంకొకరు చెప్పాలా? చేతిలో గొడుగు మూసేసి, "పొరపాటు చేశానమ్మా" అన్నారు. అంత పెద్దాయన, పనివాళ్లందరి ముందూ. నాకు కోపమంతా ఎటుపోయిందో తెలియదు. ఆ పూట ఆయన మూర్ఖంగా వాదించి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పుడు అనుకుంటాను. వాదించలేదు. మర్నాటి నుంచి నేను కర్ర పాతిన చోట ఎవరినీ అడుగు పెట్టనివ్వలేదు. గట్టు దగ్గర కుర్చీ వేసుకుని కాపలా కాసేవారు. వచ్చిన ప్రతి మెంబరుకీ, "మా అమ్మాయి చెప్పిందంటే వేదమే. నాకే పాఠం చెప్పింది" అని ఆ నీళ్ల కథ చెప్పేవారు. కోడలు అనడం మానేసి అమ్మాయి అనడం మొదలుపెట్టారు. ఇంకేం కావాలి ఆడపిల్లకు అని మా అమ్మ ఫోన్లో కళ్లు తుడుచుకుంది. అమ్మకు ఎలా చెప్పను, ఆయన ఒక్కో మెట్టు నన్ను పైకెత్తుతుంటే నేను ఒక్కో అడుగు లోతుకు దిగుతున్నానని?

తొలకరికి అడుగు నేలలన్నీ అయ్యాయి. గొట్టాలు, కంకర, ఇసక. ఆ మీద గడ్డి నాటాలి. ఆ గడ్డి మరేదో కాదు, మన గరికకు అక్కచెల్లెలే, కాస్త నాజూకు రకం. నాట్లకొచ్చిన ఆడవాళ్లలో ఒకామె నడుం మీద చెయ్యి పెట్టుకుని, "చేలో గరిక పీకి పీకి నా నడుం పడిపోయింది. ఇక్కడికొస్తే నాటమంటున్నారు. మీ చదువేం చదువోనమ్మా" అంది. అందరూ ఒకటే నవ్వు. నవ్వుతూనే వరి నాటినట్టు వరసలు తీసి, ఒక్క దుబ్బు పక్కకు పోకుండా నాటారు. శ్రావణమాసం నాటికి వరసలు కలిసిపోయి చాప అల్లుకుంది. జోరువానలు పడ్డాయి. ప్రతి వాన వెలిశాకా పరుగున వెళ్లి మురుగుకాలవ దగ్గర వంగి చూసేదాన్ని. గొట్టం నోట్లోంచి నీళ్లు సన్నగా, తేటగా వచ్చేవి. అంత సంతోషం నేనెప్పుడూ పడలేదు. అవి దారి చూసుకుని పోతుంటే నేనే పోతున్నట్టుండేది.

దసరా దగ్గర పడింది. అమ్మవారి కొండ మీదికి జనం బారులు తీరే రోజులకు ముందు, ఒక ఆదివారం, కొత్త గ్రీన్స్ ప్రారంభోత్సవం పెట్టారు. షామియానా, మైకు, టిఫిన్లు, అన్నీ. మెంబర్లు ఆడి చూసి వెర్రెత్తిపోయారు. తొమ్మిదో గ్రీన్ మధ్యలో నేనొక చిన్న వీపులాంటి మెరక పెట్టాను. దాన్ని సరిగ్గా దాటించకపోతే బంతి వెనక్కి దొర్లి కొట్టినవాడి దగ్గరికే వస్తుంది. స్పూను మిల్లాయన నాలుగుసార్లు కొట్టి, నాలుగుసార్లూ బంతి తన బూట్ల దగ్గరే ఆగితే, "సెక్రటరీగారూ, మీ అమ్మాయి ఎవర్నీ వదిలేలా లేదండీ" అని అరిచాడు. అందరితో పాటు మామయ్యగారు కూడా కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు.

ఆ సంబరంలో నేను మనసులో ఒక్కటే అనుకుంటున్నాను. గ్రీన్స్ అయ్యాయి. ఇక చూడాలి. సాయంత్రం కార్లో అడుగుతాను. మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. అంతలో మామయ్యగారు మైకు అందుకున్నారు. ఎప్పుడూ నాలుగు ముక్కలకు మించి మాట్లాడని మనిషి, ఆ రోజు నీళ్ల కథంతా చెప్పారు, తన తప్పుతో సహా. చెప్పి, నా వైపు తిరిగారు.

"హైదరాబాద్ వాళ్లు రమ్మన్నారు మా అమ్మాయిని. పెద్ద చోటు. అయినా ఈ గ్రీన్స్ పచ్చగా ఉన్నంతకాలం తను ఇక్కడే ఉంటుంది. అది నా మాట."

చప్పట్లు. మా ఆయన ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొడుతున్నారు. నా వంక చూసి, ఏదో గుర్తొచ్చినట్టు చేతులు దించుకున్నారు. అత్తయ్యగారు మాత్రం చప్పట్లు కొట్టలేదు, చెంగుతో కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. నన్ను స్టేజి మీదికి పిలిచి శాలువా కప్పారు. కప్పించుకున్నాను. అంతమందిలో మామగారి మాటను కోడలు కొట్టిపారేస్తే, ఆయన ఆ క్లబ్బులో మళ్లీ తలెత్తుకోగలరా? అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆ శాలువా కిందే తెలిసింది. గడ్డి పచ్చగా ఉండేలా కట్టింది నేను. ఎండిపోయేలా ఎలా కడతాను? నా పనే నన్ను కట్టేసింది, అదీ గట్టిగా.

తిరుగు ప్రయాణంలో మా ఆయన, అత్తయ్యగారు స్కూటరు మీద బంధువులింటికి వెళ్లారు. కార్లో ఎప్పటిలాగే ఆయన ముందు, నేను వెనక. అద్దాలు బిగించి ఉన్నాయి. ఒళ్లో శాలువా. అడగాలనుకున్న మాటలన్నీ నోటి దాకా వస్తున్నాయి, మింగుతున్నాను. ఉయ్యూరులో చెరుకు తోటలు దాటాక ధైర్యం చేసి, "మామయ్యగారూ, హైదరాబాద్ విషయం..." అన్నాను. ఆయన వెనక్కి తిరగలేదు. "గడ్డి ఇప్పుడే కదమ్మా వేళ్లూనుకుంది. ఈ చలికాలం గడవనీ. చూద్దాం" అన్నారు. అదే మెత్తదనం. అబద్ధమాడుతున్నానని ఆయనకు కూడా తెలియదు.

కంకిపాడు దగ్గర ఫోన్ మోగింది. మేడంగారు. ఎత్తకూడదనుకున్నాను, కానీ దసరా వచ్చేసింది. ఎత్తాను. ఆవిడ ఉపోద్ఘాతాలేమీ లేకుండా, "ఏమ్మా, వస్తున్నావా?" అని అడిగారు. ముందు సీట్లో ఆయన మెడ కదలడం లేదు. డ్రైవరు కూడా హారన్ కొట్టడం ఆపేశాడు. వస్తున్నానండీ అనడానికి నోరు తెరిచాను. దేవుడి సాక్షిగా ఆ మాటకే తెరిచాను.

"చూద్దామండీ" అన్నాను.

మేడంగారూ మన కోస్తా మనిషే, ఆవిడకు మాత్రం ఆ మాట తెలియదూ? "సరేలేమ్మా. అర్థమైంది" అని పెట్టేశారు. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఫోన్ శాలువా మీద పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఏడుపు రాలేదు. మా అత్తయ్యగారి నవ్వు గుర్తొచ్చింది.

"ఎవరమ్మా?" అన్నారు మామయ్యగారు.

"హైదరాబాద్ మేడంగారండీ."

"ఏమన్నావు?"

"చూద్దామన్నానండీ."

తన మాటే ఇంకొకరి నోట వినబడితే, దాని అర్థం ఈ లోకంలో ఆయనకంటే ఎవరికి తెలుస్తుంది? బెంజి సర్కిల్ దగ్గర కారు ఆగినప్పుడు, జేబు రుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

"ఉక్కగా ఉంది, అద్దం దించుకోమ్మా" అన్నారు.

దించుకున్నాను.